మీ ఆరోగ్యం ఎవరి సబ్జెక్టు?

(ఒక మండల కేంద్రంలో చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఏరియా ఆసుపత్రి వైద్యురాలు ఉపాధ్యాయులతో మాట్లాడిన మాటలివి. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. భోజనాలయ్యాక మాట్లాడమన్నారు. నిద్రొచ్చినవాళ్లు మొహమాటపడకుండా ఓ కునుకు తీయండి. ఇవాళ చెప్పమన్న సబ్జెక్టు సెల్ఫ్ కేర్ కాబట్టి కునుకు కూడా సిలబస్‌లోదే. (నవ్వులు)

ముందు ఒక ప్రశ్న. చేతులెత్తక్కర్లేదు, మనసులో జవాబు చెప్పుకోండి. పొద్దున బడిలో అడుగుపెట్టాక సాయంత్రం ఇంటికి చేరేదాకా ఒక్కసారి కూడా బాత్రూమ్‌కి వెళ్లనివాళ్లు మీలో ఎంతమంది?

సరే, ఆ నవ్వుల్లోనే తెలిసిపోయింది. మా ఓపీకి మూత్రంలో మంట అని వచ్చే టీచర్లను నేను అడిగే మొదటి మాట నీళ్లు తాగుతున్నారా అని. దాదాపు ఒకే జవాబు వస్తుంది. "ఇంటి దగ్గర తాగుతానండీ, బడిలో తాగను. తాగితే వెళ్లాల్సొస్తుంది." వెళ్లకపోవడానికి కారణాలు కూడా మీరే చెబుతారు. గడియ ఉండదు, నీళ్లు రావు, తాళంచెవి హెడ్మాస్టరు గారి దగ్గరుంటుంది, ఆయన్ని అడగాలంటే ఇబ్బంది. అన్నీ బాగున్నా క్లాసు వదిలి వెళితే పిల్లలు అల్లరి చేస్తారు, అదే సమయానికి ఎవరైనా విజిటుకొస్తే?

ఆడవాళ్లకు మూత్రనాళం చాలా పొట్టిది, నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ. బయటి క్రిములు లోపలికి చేరడానికి పెద్ద దూరమేమీ లేదు. నీళ్లు బాగా తాగి, ఎప్పటికప్పుడు వెళితే ఆ క్రిములు కొట్టుకుపోతాయి. నీళ్లు తాగక, ఆరేడు గంటలు ఆపుకుంటే అవి అక్కడే కూర్చుని పెరుగుతాయి. మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి, ఇవన్నీ అందుకే. వీటితో పాటు చలిజ్వరం, నడుము పక్కన నొప్పి కూడా వచ్చాయంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా వెళ్లి ఉండొచ్చు. అప్పుడు సెలవు దొరికేదాకా ఆగకూడదు, ఆ రోజే రావాలి. ఇంకో మాట. పోయినసారి రాసిన యాంటీబయాటిక్ స్ట్రిప్పులో నాలుగు మిగిలితే, ఈసారి అవే వేసుకుని వస్తారు కొందరు. అలా చేస్తే మేం మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే కల్చర్ పరీక్షకు పంపినా క్రిమి సరిగ్గా దొరకదు. సగం మందు తిన్న క్రిమి మొండికెత్తుతుంది కూడా.

ఎండాకాలంలో పిల్లల కోసం మన బడుల్లో వాటర్ బెల్ కొడుతున్నారు కదా. కేరళ బడుల్లో 2019లో మొదలై మిగతా రాష్ట్రాలకు పాకిన పద్ధతి ఇది, చాలా మంచిది. బెల్లు కొట్టగానే మీరు "తాగండి, తాగండి" అని పిల్లల వెంట పడతారు. మీ సీసా మాత్రం టేబుల్ మీద పొద్దున తెచ్చినట్టే ఉంటుంది. ఆ బెల్లు మీకు కూడా. ఎన్ని లీటర్లు తాగాలని లెక్కలు పెట్టుకోవద్దు. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపోతోందని అర్థం, ముదురు రంగులో ఉంటే చాలట్లేదని.

బాత్రూమ్ సంగతి మాత్రం మీ ఒక్కరి ఓపికతో తేలేది కాదు. సమగ్ర శిక్ష పథకం కింద బడి ఖర్చులకు ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటులో కనీసం పదో వంతు స్వచ్ఛత పనులకే ఖర్చు పెట్టాలని నిబంధన ఉంది. గడియకు ఎంతవుతుంది చెప్పండి? స్టాఫ్ మీటింగులో ఆడ టీచర్లు నలుగురూ కలిసి అడిగితే ఏ హెడ్మాస్టరూ కాదనరు. ఒక్కరే వెళ్లి నసుగుతూ అడిగితే మాత్రం "చూద్దాం అమ్మా" అంటారు. (నవ్వులు) హెడ్మాస్టర్లు నన్ను క్షమించాలి. గడియ పడ్డాక కూడా పక్క క్లాసు టీచరుతో ఒక ఒప్పందం ఉండాలి. "ఐదు నిమిషాలు నా పిల్లల్ని చూస్తుండండి" అని మీరు, రేపు ఆవిడ. ఇది సాయం అడగడం కూడా కాదు, మార్పిడి. ఏకోపాధ్యాయ పాఠశాలల్లో ఉన్నవాళ్లకు ఇదీ కుదరదు, తెలుసు. వాళ్లకు మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఉంటుంది కదా, ఆవిడను పిల్లల దగ్గర కాసేపు నిలబెట్టండి.

ఐదు నిమిషాల సంగతి ఇంతసేపు ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ నేను చెప్పబోయే ప్రతిదానికీ ఎవరో ఒకరు మీకు కాస్త టైము వదలాలి. నీళ్లు తాగాలని, వేళకు తినాలని, నడవాలని టీచరుకు తెలియదా? పిల్లలకు చెప్పేది మీరే. తెలిసీ ఎందుకు జరగదో అది మాట్లాడుకుందాం.

ఇక మీ గొంతు. టీచరుకు పనిముట్టు అదే, అందుకని దీనికి కాస్త ఎక్కువ సమయం తీసుకుంటాను. స్వరపేటికలో రెండు పొరలుంటాయి. మాట్లాడేటప్పుడు అవి సెకనుకు వంద, రెండొందలసార్లు ఒకదానికొకటి తగులుతాయి. అరిచినప్పుడు గట్టిగా కొట్టుకుంటాయి. ఏళ్ల తరబడి అలా కొట్టుకుంటే ఆ అంచుల మీద కాయలు కాసినట్టు చిన్న బొడిపెలు వస్తాయి. గొంతు బొంగురుపోతుంది, సాయంత్రానికి మాట రాదు, పాట పాడబోతే పైస్థాయి పలకదు. రిటైరయ్యేనాటికి చాలామంది టీచర్ల గొంతు అందుకే అలా ఉంటుంది. అది వయసు వల్ల వచ్చిందనుకుంటారు.

ఇందులో మనం పొరబడేవి రెండున్నాయి. ఒకటి, గొంతు సవరించుకోవడం. ఖర్‌మని అన్నప్పుడల్లా ఆ పొరలు బలంగా రాసుకుంటాయి, కాసేపటికి మళ్లీ సవరించుకోవాలనిపిస్తుంది. దాని బదులు ఒక గుక్క నీళ్లు మింగండి. రెండోది, గొంతు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకోవడం. గుసగుసకు కూడా గొంతు బిగపట్టాలి, మామూలుగా నెమ్మదిగా మాట్లాడటం కంటే అదే ఎక్కువ శ్రమ. విశ్రాంతి కావాలంటే మాట్లాడకుండా ఉండటమే. ఆ రోజు పిల్లల చేత చదివించండి, బోర్డు మీద లెక్కలిచ్చి చేయించండి.

బోర్డు వైపు తిరిగి రాస్తూనే చెబితే మీ మాట గోడకు వెళుతుంది, అందుకని గొంతు పెంచుతారు. రాయడం ఆపి, తిరిగి చెప్పండి. వెనక బెంచీవాడిని బోర్డు దగ్గర్నుంచి అదిలించే బదులు వాడి పక్కకు నడిచి వెళ్లండి. మీకు తెలియందేమీ కాదు, పక్కన నిలబడ్డ టీచరును చూసి వాడే నోరు మూస్తాడు. అరవైమంది ఉన్న గదిలో చిన్న మైకు పెట్టుకోవడం నామోషీ కాదు. ఇప్పుడు అవి నడుముకు కట్టుకునేవి వస్తున్నాయి. సుద్దముక్క వాడేవాళ్లు డస్టర్‌ను తడిగుడ్డతో మార్చితే ఆ పొడి గొంతులోకి పోవడం తగ్గుతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు పచ్చడీ మిరపకాయ బజ్జీలూ తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకెగసి గొంతును కాలుస్తుంది. పొద్దున లేవగానే గొంతు బొంగురుగా ఉండేవాళ్లు దాన్ని అనుమానించాలి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గలేదంటే ఈఎన్టీ డాక్టరుకు చూపించండి. పొగతాగే సార్లకు మరీ ముఖ్యం.

తిండి దగ్గరకొద్దాం. పొద్దున ఐదింటికి లేచి అందరికీ టిఫిను, అందరికీ బాక్సులు, పెద్దాయనకు చపాతీ, పిల్లాడికి నూడుల్స్, అన్నీ అయ్యాక బస్సు టైమవుతుంది. మిగిలిన ఇడ్లీ ఒకటి నిలబడి నోట్లో వేసుకుని, పైన టీ పోసుకుని పరుగు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు ఈ హడావుడిలో దాన్నీ ఆ టీతోనే మింగుతారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున, నీళ్లతో వేసుకోవాలి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటదాకా కాఫీ టీలు కూడా వద్దు. ఐరన్, కాల్షియం మాత్రలైతే దానికి నాలుగు గంటలు దూరం పెట్టాలి. "మాత్ర వేసుకుంటూనే ఉన్నా రక్తపరీక్షలో టీఎస్‌హెచ్, అదే థైరాయిడ్ అంకె, తగ్గట్లేదు, డోసు పెంచండి" అని వచ్చే కేసుల్లో కొన్నింటికి డోసు పెంచక్కర్లేదు, టీ జరిపితే చాలు.

ఆ టీయే రక్తహీనతకు కూడా ఒక చెయ్యి వేస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21 నాటిది, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం మందికి రక్తం తక్కువుందని చెప్పింది. సగానికి పైన. ఇది కూలికెళ్లే ఆడవాళ్ల సంగతి, జీతాలొచ్చే మనకు కాదనుకుంటాం. మా దగ్గర పరీక్ష చేస్తే టీచర్లలోనూ హిమోగ్లోబిన్ తొమ్మిది, తొమ్మిదిన్నర కనిపిస్తుంటుంది. ఆడవాళ్లకు అది 12కు తగ్గకూడదు. మెట్లెక్కితే ఆయాసం, నాలుగో పీరియడ్‌కి కాళ్లు పీకడం, జుట్టు ఊడటం, ఊరికే చిరాకు, వీటన్నింటినీ "వయసైపోతోంది కదా" అని సరిపెట్టుకుంటాం. పచ్చి బియ్యం నమలాలనిపిస్తోందా? బలపాలు తినాలనిపిస్తోందా? బడిలో బలపాలు తినే పిల్లను కోప్పడతారు గానీ, ఆ పిల్లకూ రక్తం తక్కువై ఉండొచ్చు. తిట్టకండి, పరీక్ష చేయించండి.

రక్తం పట్టడానికి బీట్‌రూట్, దానిమ్మ అని అందరూ చెబుతారు. రంగు ఎరుపే గానీ వాటిలో ఇనుము చాలా తక్కువ. డబ్బులు దండగ అనను, పండు పండే. కానీ ఇనుము కోసమైతే తోటకూర, సజ్జలు, శనగలు, ఉలవలు, మాంసం తినేవాళ్లకు కాలేయం మేలు. పప్పులో ఆఖర్న నిమ్మకాయ పిండితే, లేదా భోజనంతో ఉసిరికాయో జామకాయో తింటే ఆకుకూరలో ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తార్నాకలో ఉన్న మన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ టీలు తాగొద్దని చెప్పింది. టీలో ఉండే టానిన్లు ఇనుమును పట్టేసుకుంటాయి. నేను టీ మానమనట్లేదు, ఆ మాటంటే మీరు నా మాట విననే వినరు. పదకొండింటి ఇంటర్వెల్‌కు జరపమంటున్నాను.

ఎంత తిన్నా రక్తం పట్టట్లేదంటే, పోతున్నది ఎంతో చూడాలి. నెలసరి వారం దాటి అవుతోందా, గడ్డలు పడుతున్నాయా, రెండు గంటలకోసారి ప్యాడ్ మార్చాల్సొస్తోందా? అప్పుడు స్త్రీల డాక్టరుకు చూపించాలి. ఇక్కడొక హెచ్చరిక. దేశంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతం అన్నింటికంటే ఎక్కువున్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. ముప్పై ఐదేళ్లకే, "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు, తీయించేస్తే ఓ గొడవ వదిలిపోతుంది" అంటారు. అలా అన్నవాళ్లలో చదువుకున్నవాళ్లు కూడా ఉంటారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలకూ గుండెకూ ఉన్న రక్షణ పదేళ్లకు పైగా ముందే పోతుంది. నిజంగా అవసరమైన కేసులున్నాయి, వాటిని కాదనను. కానీ మాత్రలతో, లోపల పెట్టే హార్మోన్ పరికరంతో తగ్గే రక్తస్రావాలు చాలా ఉన్నాయి. రెండో డాక్టరును అడగకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. అడిగితే మొదటి డాక్టరుకు కోపమొస్తుందేమో అని జంకొద్దు, వస్తే రానివ్వండి.

ముట్లాగిపోయే వయసు మన దగ్గర నలభై ఆరు, ఏడు ప్రాంతం. దానికి ముందు మూడు నాలుగేళ్లు నిద్ర చెడుతుంది, ఉన్నట్టుండి ఒళ్లంతా వేడి ఎక్కి చెమటలు పడతాయి, చిన్నమాటకే ఏడుపొస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో "మేడమ్ గారికి ఈమధ్య కోపం ఎక్కువైంది" అనుకుంటుంటారు. మందులున్నాయి, అడగండి. ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనబడినా, సిగ్గుపడి దాచుకోకుండా ఆ వారమే వచ్చి చూపించాలి. ఇందులో రాజీ లేదు.

సార్లు అందరూ సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. (నవ్వులు) మీ దగ్గరకే వస్తున్నాను. మగవాళ్ల కేసు ఎలా ఉంటుందంటే, ఏళ్లూ పూళ్లూ ఆసుపత్రి గడప తొక్కరు, తొక్కిన రోజు స్ట్రెచర్ మీద వస్తారు. "రాత్రి నుంచి ఛాతీలో పట్టేసినట్టుంది మేడమ్, గ్యాస్ అనుకుని సోడా తాగాను, గ్యాస్ మాత్ర వేసుకున్నాను, పొద్దున బడికెళ్లి ప్రేయర్ చేయించి వచ్చాను." గుండెపోటులో మొదటి గంటలు చాలా విలువైనవి. ఛాతీ మధ్యలో బరువుగా, నొక్కినట్టుగా ఉండి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే, చెమటలు పడుతుంటే, అది గ్యాస్ అవునో కాదో ఈసీజీ తేలుస్తుంది, మీరు తేల్చకండి. బండి నడుపుకుంటూ రావద్దు, 108కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకైతే నొప్పి అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసంతోనే రావచ్చు. షుగరున్నవాళ్లకూ అంతే.

బీపీకి నొప్పి ఉండదు, అదే దాంతో చిక్కు. ఆసుపత్రిలో 140/90, ఇంట్లో 135/85 దాటి పదేపదే వస్తుంటే బీపీ ఉన్నట్టే. "అప్పుడేదో టెన్షన్‌లో ఉన్నాను, అందుకే వచ్చింది" అని ఒక రీడింగును కొట్టిపారేయొచ్చు. మళ్లీ మళ్లీ వస్తుంటే టెన్షన్ పేరు చెప్పి తప్పించుకోలేం. చూసే పద్ధతి కూడా ముఖ్యం. ఐదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చోవాలి. పాదాలు నేలకు తాకాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు. చెయ్యి టేబుల్ మీద, గుండె ఎత్తులో. పట్టీ చొక్కా మీద చుట్టకూడదు. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు, టీచర్లకు ఇదే కష్టం. (నవ్వులు) అరగంట ముందు కాఫీ, సిగరెట్టు ఉండకూడదు. మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి చెయ్యి చాపితే వచ్చే అంకెను చూసి మందు రాయించుకోవడమూ తప్పే, భయపడి మళ్లీ చూపించుకోకపోవడమూ తప్పే. స్టాఫ్ అంతా తలా కొంత వేసుకుని ఒక డిజిటల్ మిషను కొనుక్కోండి. సంక్రాంతి సెలవులకు ఊరెళ్లొచ్చాక అందరూ ఒకసారి చూసుకోండి, అరిసెల సంగతి ఎలా ఉన్నా ఆవకాయ సంగతి తెలుస్తుంది. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే తలకొట్టిన ఒక చిన్న చెంచా, కూరలో, పచ్చట్లో, మజ్జిగలో, అప్పడంలో అన్నీ కలిపి. మన పళ్లెంలో అది మొదటి వాయికే అయిపోతుంది. ఆవకాయ వద్దనే ధైర్యం నాకు లేదు, కానీ పప్పులో ఆవకాయ కలిపిన రోజు అప్పడం, వడియం పక్కన పెట్టండి.

మందు మొదలుపెట్టాక రీడింగు 120 వచ్చిందంటే, అది మందు పనిచేస్తోందని. తగ్గిపోయింది కదా అని ఆపితే నాలుగు రోజుల్లో మళ్లీ పెరుగుతుంది. ముప్పై దాటిన అందరికీ బీపీ, షుగరు పరీక్షలు ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఉచితం. నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు కూడా ఆ కార్యక్రమంలో ఉన్నాయి. మీ బడి పక్కనే ఉంటుంది ఆ కేంద్రం. పిల్లలకు నులిపురుగుల మాత్రలు వేయడానికి అక్కడి నర్సు, ఏఎన్‌ఎం, మీ బడికి వచ్చినప్పుడు, మీ చెయ్యి కూడా చాపండి.

మందుల షాపు వైద్యం గురించి రెండు ముక్కలు చెప్పి వెళతాను. రోజంతా నిలబడి మోకాళ్లు లాగుతాయి. షాపులో అడిగితే నొప్పి మాత్ర ఇస్తాడు, హాయిగా ఉంటుంది. రోజూ వేసుకుంటూ పోతే కిడ్నీలు దెబ్బతింటాయి, బీపీ పెరుగుతుంది, కడుపులో పుండు పడుతుంది. మొహం తెల్లబడటానికని వాడే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మొదట నిగనిగలాడి, ఆపగానే మొహం ఎర్రబడి మండుతుంది. సెల్ఫ్ కేర్ అని ఫోన్‌లో చూపించేవాటిలో సగం ఇలాంటి అమ్మకాలే, నన్నడిగితే.

నిద్ర. దీని మీద మిమ్మల్ని మందలించడానికి రాలేదు. రాత్రి పదిన్నరకు గిన్నెలు కడిగి, రేపటికి కూరగాయలు తరిగి, అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుంటారు. పన్నెండున్నర దాకా ఏవో వీడియోలు. ఐదింటికి మళ్లీ అలారం. ఫోన్ వ్యసనం అని అందరూ తిడతారు. నేనలా చూడను. రోజు మొత్తంలో ఎవరూ పిలవని, ఎవరూ ఏదీ అడగని సమయం అదొక్కటే. దాన్ని ఎలా వదులుకుంటారు? మనిషికి అలాంటి గంట కావాలి. ఆ గంటను నిద్రలోంచి తీస్తున్నారు, అదే బాధ. పెద్దవాళ్లకు ఏడు గంటలు తగ్గితే బీపీ, షుగరు, కోపం, మతిమరుపు అన్నీ దాని వెనకే వస్తాయి.

మరి ఇంకెక్కడి నుంచి తీయాలి? కేంద్ర గణాంక శాఖ 2024లో దేశమంతా తిరిగి, ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్క తీసింది. ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. అంటే ఐదు గంటలకు పదకొండు నిమిషాలు తక్కువ. ఇంటిపని చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. అదీ అసలు చేసే మగవాళ్ల లెక్క. చేయనివాళ్లను కలపలేదు. మీ గంట ఎక్కడుందో ఈ రెండు అంకెల మధ్యలో వెతకండి. ధ్యానంలో, తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడంలో వెతికితే దొరకదు. ఇప్పటికే నిద్ర చాలని మనిషిని ఇంకో అరగంట ముందు లేచి యోగా చెయ్యమనే సలహా నాకు కోపం తెప్పిస్తుంది.

అందుకే మా దగ్గరకొచ్చే టీచరు భర్త పక్కనుంటే నేను ఆయనకే ప్రిస్క్రిప్షన్ చెబుతాను. రాత్రి గిన్నెలు మీవి, సార్. అంతే. ఆయన కూడా టీచరే అయితే ఇంకా సులువు, ఇద్దరికీ ఒకే టైముకు బడి వదులుతారు. ఆవిడ వంటింట్లోకీ ఆయన పేపర్లోకీ ఎందుకు వెళతారో నాకిప్పటికీ అర్థం కాదు. (చప్పట్లు) మీ చప్పట్లన్నీ ఎడమవైపు నుంచే వచ్చాయి. (నవ్వులు)

ఆడవాళ్లలోనూ ఒక చిక్కుంది. ఆయన కడిగిన గిన్నెను మళ్లీ కడుగుతారు. అత్తగారు ఏమంటారో అని ముందే తీసేస్తారు. జిడ్డు మిగిలితే మిగలనివ్వండి, రెండు వారాల్లో నేర్చుకుంటాడు. మీ క్లాసులో పిల్లాడు వంకరగా రాస్తే మీరే పలక లాక్కుని రాసేస్తారా?

మనసు గురించి కూడా చెప్పమన్నారు నిర్వాహకులు. ఇది నా స్పెషాలిటీ కాదు, కానీ గుర్తుపట్టాల్సింది చెబుతాను. రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, ఆకలి పోవడం, పిల్లల ముందు నిలబడి చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరగడం, బతకడం దండగనిపించడం. ఇవి బలహీనత కాదు, జబ్బు. మనసు బాగోలేనివాళ్లు ఫోన్ చేసి మాట్లాడటానికి ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్‌కు 14416 నంబరు. రాత్రయినా పగలయినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. మీ పేరు బడికి తెలియదు. పక్క టీచరు ఈమధ్య మాట్లాడటం తగ్గించారని మీకనిపిస్తే "ఏమైందండీ" అని ఒకసారి, నలుగురిలో కాకుండా, అడగండి.

ఇంక నేను ఆపుతాను, ప్రశ్నలుంటే అడగండి.

(ఒక టీచరు: మేడమ్, వాకింగ్ చేయమంటారు అందరూ. సాయంత్రం ఇంటికెళ్లేసరికి ఆరవుతుంది. ఎప్పుడు నడవాలి?)

మంచి ప్రశ్న. వారానికి 150 నిమిషాలు కాస్త ఒగర్చేలా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఒకేసారి అరగంట కుదరకపోతే విడగొట్టుకోవచ్చు, పదేసి నిమిషాలూ లెక్కలోకొస్తాయి. ఒక స్టాపు ముందు దిగి నడవండి. లీజర్ పీరియడ్‌లో గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు. పిల్లలు చూసి నవ్వుతారా, నవ్వనివ్వండి, రేపు వాళ్లూ వెంట వస్తారు. క్లాసులో అటూ ఇటూ తిరగడం మాత్రం దీని కింద లెక్క కాదు, అది మరీ నెమ్మది. వారానికి రెండుసార్లు కండరాలకు పని చెప్పడం కూడా ఉండాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి, మోకాళ్లు నొప్పి లేనివాళ్లు.

(ఒక సారు: నేను రోజూ బీపీ మాత్ర వేసుకుంటున్నానండీ. శనివారాలు ఉపవాసం. ఆ రోజు మానేయొచ్చా?)

మానకూడదు. నీళ్లతో వేసుకోండి, స్వామివారు ఏమీ అనుకోరు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు మాత్రం ఉపవాసానికి ముందు డాక్టరును అడగాలి. తినకుండా అవి వేసుకుంటే షుగరు పడిపోతుంది. మీకు షుగరుందా?

(లేదండీ, చూపించుకోలేదు.)

లేదా, చూపించుకోలేదా? రెండూ ఒకటి కాదు కదా సార్. (నవ్వులు) వెనక టేబుల్ దగ్గర మా సిస్టర్ గారు బీపీ మిషను, షుగరు స్ట్రిప్పులు పెట్టుకుని కూర్చున్నారు. మొదట మీరే వెళ్లండి. ఇందాక టీ తాగినవాళ్లు బీపీకి అరగంట ఆగి వెళ్లండి. స్ట్రిప్పులు ఎనభై దాకా ఉన్నాయి, ఎప్పుడూ చూపించుకోనివాళ్లకు ముందు ఇవ్వమని చెప్పాను.